తీరమున పంట, పల్లెలో నారుమడి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతులలో మీరు మంచినీటి పథకములను గూర్చియు, రోడ్లను గూర్చియు, పన్నుల వసూలును గూర్చియు వినుచున్నారు. వాని నడుమ సంగీతమును గూర్చిన ప్రసంగ మెందుకని మీలో కొందరికి తోచవచ్చును. కుళాయిలో నీరు రాని ఊరిలో పాటకు తావెక్కడ అని అడుగువారును ఉందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని మన రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ పదకొండవ షెడ్యూలును చేర్చి, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిలో మంచినీరు, రోడ్లు, పాఠశాలలతోపాటు 21వ అంశముగా సాంస్కృతిక కార్యక్రమములు కలవు. 22వ అంశముగా సంతలు, తిరునాళ్ళు కలవు. కనుక ఊరిలో పాట నిలుచుటయు, నిలువకపోవుటయు కొంతవరకు మీ చేతిలోని పనియే. ఈ సంగతిని వివరించుటకు మొదట ఒక పెద్ద ఉత్సవమును గూర్చి చెప్పి, పిమ్మట మన ఊళ్ళకు వచ్చెదను.

మన తూర్పు సముద్రతీరమున నున్న చెన్నై నగరములో ఏటేటా డిసెంబరు నడిమి నుండి జనవరి మొదటి దినముల వరకు కర్ణాటక సంగీతోత్సవములు జరుగును. తమిళులు ఆ మాసమును మార్గళి యందురు. మనము ధనుర్మాస మందుము. మన పల్లెలలో తెల్లవారుజామున హరిదాసు తలపై పాత్ర నిడుకొని చిడతలు వాయించుచు ఇంటింటికి వచ్చు దినము లవియే. ఆ దినములలో చెన్నైలో పదుల కొలది సభలు వేర్వేరు మందిరములలో వందల కొలది కచేరీలు ఏర్పాటు చేయును. దేశాంతరములలో నున్నవారు సైతము సెలవులు పెట్టుకొని వచ్చి విందురు. 2017లో యునెస్కో సంస్థ సంగీతమునకు గాను చెన్నైని సృజనాత్మక నగరముల కూటమిలో చేర్చినది.

ఈ ఉత్సవములు ఎట్లు పుట్టినవో పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది. 1927 డిసెంబరులో మద్రాసున జాతీయ కాంగ్రెసు మహాసభ జరిగినపుడు దానితోపాటు అఖిల భారత సంగీత సమావేశమును జరిగినది. ఆ సమావేశపు ఫలముగా 1928 ఆగస్టు 18వ తేదీన మద్రాసు సంగీత అకాడమీ ప్రారంభమైనది. అకాడమీ సాలుకొక సభ జరుపసాగినది. క్రమముగా డిసెంబరు మాసమే సంగీతమునకు ఋతువైనది. తీర్మానములు చేయుట మీకు కొత్త కాదు. తీర్మానము వ్రాయుట ఒక ఎత్తు. దానిని ఏటేటా మరువక నడుపుట ఒక ఎత్తు. 2020లో కోవిడ్ వ్యాధి వలన జనులు గుమిగూడరాని కాలము వచ్చినపుడు కచేరీలను ఇంటర్నెట్ ద్వారా వినిపించిరే కాని ఆ యేడు ఉత్సవమును మానలేదు. తొంబది యేండ్లకు పైబడి ఒక పని నిలిచినదన్న దాని రహస్యము ఈ పట్టుదలయే.

అకాడమీ దినచర్యయును గమనింపదగినది. ఉదయమున విద్వాంసులు కూడి రాగములను గూర్చియు, తాళములను గూర్చియు చర్చింతురు, పాడి చూపుచు ఉపన్యసింతురు. మధ్యాహ్నమున చిన్నవారు పాడుదురు. సాయంకాలము పేరుపొందిన వారి కచేరీలు జరుగును. వానికి టిక్కెట్టు కొనవలెను. చిన్నవారి కచేరీలలో చాలవరకు ప్రవేశము ఉచితము. కొత్తగా వచ్చిన బిడ్డ మొదట మధ్యాహ్నపు వేళ కొద్దిమంది యెదుట పాడి, మెప్పు పొంది, మెట్టు మెట్టుగా సాయంకాలపు వేదిక నెక్కవలెను. పెద్దవారిని సన్మానించుటయే కాదు, చిన్నవారికి మొదటి మెట్టు వేయుటయు ఉత్సవపు పనియే యని వారు గ్రహించిరి.

కచేరీ యనగా నేమో ఎరుగనివారికి రెండు మాటలు చెప్పెదను. గాయకుని వెనుక తంబూరా శ్రుతి నిచ్చును. ఒక ప్రక్క వయొలిను, ఒక ప్రక్క మృదంగము, ఒకప్పుడు వానితో ఘటమో కంజీరయో ఉండును. సాధారణముగా వర్ణముతో మొదలిడి, కొన్ని కృతులు పాడి, నడుమ ఒక కృతినో, రాగము తానము పల్లవినో విస్తరించి పాడుదురు. దాని చివర తాళవాద్యముల వారు తమ విద్యను తనియావర్తనములో చూపుదురు. తరువాత పదములు, జావళులు, కీర్తనలు వచ్చును. మంగళముతో ముగియును. శాస్త్రము చదువనివాడును తొడపై తాళము వేయుచు రెండు గంటలు కదలక కూర్చుండవచ్చును.

ఇక ఈ ఉత్సవముతో మనకు గల సంబంధమును చెప్పెదను. ఆ మందిరములలో శ్రోతలు ఎక్కువమంది తమిళులు. వినబడు పాటలలో పెద్దభాగము తెలుగు. త్యాగరాజస్వామి తెలుగు కుటుంబమున 1767లో తిరువారూరులో జన్మించి, కావేరీ తీరమున తిరువయ్యారులో జీవించి, 1847లో సిద్ధిపొందెను. ఆయన కృతులలో అత్యధికభాగము తెలుగున నున్నవి. శ్యామశాస్త్రి కృతులును ఎక్కువగా తెలుగువే. కృష్ణామండలమున మువ్వ గ్రామపు పేరును తన పదములలో నిలిపిన క్షేత్రయ్యయు, భద్రాచల రామదాసును ఆ వేదికలపై వినబడుచునే యున్నారు. తమిళ, కన్నడ, మలయాళ దేశముల బిడ్డలు మన మాటలను తమ లిపిలో వ్రాసికొని, అర్థమడిగి తెలిసికొని, పాడుచున్నారు. త్యాగరాజస్వామి తన రాముని పిలిచిన మాటలు, నిష్ఠురములాడిన మాటలు మన యిండ్లలో మనము మాటలాడుకొను తెలుగే. వానిని గ్రహించుటకు మన రైతుకు నిఘంటువు అక్కరలేదు. కావలసినది వినుటకు ఒక అవకాశము మాత్రమే.

పాటలు మాత్రమే కాదు, పాడినవారును మన పల్లెలనుండి వెళ్ళిరి. సంగీత అకాడమీ సభకు అధ్యక్షత వహించు విద్వాంసునకు సంగీత కళానిధి యను బిరుదు నిచ్చుట ఆచారము. ఆ బిరుదు పొందిన మనవారిని కొందరిని చూడుడు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో కోనసీమలో సముద్రమునకు చేరువనున్న శంకరగుప్తమున పుట్టెను. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులువద్ద నేర్చెను. పంతులుగారు త్యాగరాజస్వామి శిష్యపరంపరలోనివారు. ఎనిమిదవ యేట ఆ బాలుడు విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున కచేరీ చేసెను. 1978లో సంగీత కళానిధి అయ్యెను. నేదునూరి కృష్ణమూర్తి పిఠాపురము తాలూకా కొత్తపల్లిలో 1927లో పుట్టి, విజయనగరపు సంగీత కళాశాలలో చదివి, 1991లో ఆ బిరుదము నందెను. ఆయనకు మార్గము చూపిన శ్రీపాద పినాకపాణి వృత్తిచే వైద్యులు. రోగులను చూచుచునే శిష్యులకు సంగీతము నేర్పి, 1983లో ఆ గౌరవమును పొందిరి.

ఒంగోలు దగ్గర కరవది గ్రామమున 1924లో జన్మించిన షేక్ చిన మౌలానా సంగతి మన పల్లెలకు మరింత గర్వకారణము. ఆయనది తరతరములుగా ఆలయములలో నాదస్వరము వాయించిన ముస్లిం కుటుంబము. ఆయన పిమ్మట శ్రీరంగములో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యెను. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులను 2020లో పద్మశ్రీ వరించినది. దేవుని గుడి, మహమ్మదీయుని సన్నాయి, ఊరివారి చెవి ఈ మూడును కలిసి పెంచిన విద్య యిది. ఏ ఉపన్యాసమును చెప్పజాలని మతసామరస్యమును మన పల్లెలు సన్నాయిచేత చెప్పించినవి.

వీరందరు ఆకాశమునుండి ఊడిపడలేదు. ఒక్కొక్కరి వెనుక ఒక గురువు, ఒక గుడి, ఒక పాఠశాల, చిన్నవాని పాట ఓపికతో విన్న పదిమంది గలరు. విజయనగరములో 1919లో ప్రభువులు సంగీత కళాశాల స్థాపించిరి. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామి నాయుడు అచ్చట వయొలిను నేర్పి, 1941లో సంగీత కళానిధి అయ్యెను. మనమందరము ఎరిగిన ఘంటసాల వెంకటేశ్వరరావు గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టి, ఆ విజయనగరమునకే వెళ్ళి నేర్చుకొనెను. చేతిలో పైసా లేని ఆ బాలుడు ఇంటింట మధూకర మెత్తి కడుపు నింపుకొని విద్య సాధించెను. ఆ గృహిణులు పెట్టిన పిడికెడన్నము తెలుగుదేశమునకు ఎంత సంగీతమై తిరిగి వచ్చినదో మీరే యోచింపుడు.

మీరు రైతులు. పొలములో పంట కంటబడును, నారుమడి కంటబడదు. కాని నారుమడి ఎండిన యేడు ఎంత పెద్ద పొలమైనను బీడే. చెన్నై తీరమున జరుగు ఉత్సవము పంట వంటిది. దాని నారుమడి మన పల్లెలలో నుండెడిది. నేడు ఆ మడిలో తడి యెంత యున్నదో చూచుకొనవలెను.

మన తిరునాళ్ళను తలచుకొనుడు. ఊరేగింపు ముందు సన్నాయి, డోలు నడచుచుండును. వెనుక ట్రాక్టరుపై నిలువెత్తు స్పీకరు పెట్టెలు మ్రోగుచుండును. సన్నాయి విద్వాంసుని ఊపిరి ఆయన చెవికే వినబడదు. స్పీకర్ల అద్దె ముందుగా చెల్లింతురు. సన్నాయి మేళమునకు ఇవ్వవలసినది తిరునాళ్ళు ముగిసిన పిమ్మట చూతమందురు. ఇది చూచిన ఆయన కుమారుడు ఆ వాద్యమును చేత పట్టునా? ఒక తరము పట్టనిచో మరల నేర్పువా డుండడు. రోడ్డు పాడైనచో మరల వేయవచ్చును. నోటినుండి చెవికి వచ్చు విద్య తెగినచో ఏ నిధులతోను అతుకలేము.

అయినచో శాస్త్రీయ సంగీతము చదువుకొన్నవారిది, నగరములవారిది, పల్లె జనులకు రుచింపదు అను మాట కలదు. ఈ మాటకు సమాధానము ఆ చెన్నై తీరముననే దొరకినది. బెసెంట్ నగరు ప్రక్కన అడయారు నది సముద్రములో కలియు చోటికి చేరువలో ఊరూరు ఆల్కాట్ కుప్పమను మత్స్యకారుల పల్లె కలదు. పెద్ద సభలు కొన్ని మైళ్ళ దూరముననే జరుగుచున్నను, అవి ఆ పల్లెవారివి కావు. 2015లో గాయకుడు టి. ఎం. కృష్ణ, మరికొందరు కార్యకర్తలు పల్లెవారితో కలిసి ఆ కుప్పముననే ఉత్సవము జరిపిరి. టిక్కెట్టు లేదు. కర్ణాటక సంగీతము, భరతనాట్యముతోపాటు పల్లె కళలును ఒకే వేదికపై సమానముగా నిలిచినవి. అట్టి ఉత్సవము తరువాతి సంవత్సరములలోను కొనసాగి, పిమ్మట నగరములోని ఇతర చోట్లకును వ్యాపించినది.

దీనినుండి మనము గ్రహింపవలసినది వేదిక ఎచ్చట వేయుదుమన్నది. ఊరిలో కొందరు అడుగిడుటకు సంకోచించు చోట వేదిక వేసి, అందరు రావచ్చునని చాటింపు వేసిన ప్రయోజనము లేదు. పాటకు కులము లేదనుట సులభము. కూర్చుండు చాపకు కులము లేకుండ చేయుట పంచాయతీ పని.

సోదరీమణులకు ఒక మాట చెప్పెదను. తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన జరుపుచున్న కాలమున ఒకప్పుడు స్త్రీలకు అచ్చట పాడుటకు వీలులేకుండెను. స్వామి సమాధిస్థలము పాడుపడి యుండగా, బెంగుళూరు నాగరత్నమ్మ తన ఆర్జనను వెచ్చించి అచ్చట మందిరము కట్టించెను. స్త్రీలతో వేరుగా ఆరాధన నడిపెను. తుదకు 1940 ప్రాంతమున పక్షములన్నియు ఒక్కటై, అందరును కలిసి ఆరాధన జరుపసాగిరి. 1952లో ఆమె కన్నుమూసెను. మద్రాసు అకాడమీలో ఎం. ఎస్. సుబ్బులక్ష్మి 1968లో సంగీత కళానిధి అయిన తొలి స్త్రీ. నేడు మన పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవి. ఊరి ఉత్సవమున ఎవరు పాడవలెను, ఎవరు ముందు కూర్చుండవలెను అను నిర్ణయములో మీ మాటయు చెల్లవలెను.

ఇక పల్లెలో మన మేమి చేయగలము? చెన్నై వలె నెల దినములు జరుపుమని నే ననను. సంవత్సరమున ఒక్క సాయంకాలము చాలును. అది ఏటేటా తప్పకుండ జరుగవలెను.

మొదటిది తేదీ. పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి ఆరాధన దినము. అప్పటికి సంక్రాంతి కోతల ఒత్తిడి చాల ఊళ్ళలో తగ్గియుండును. ఆ దినమైనను, ఊరికి అనువైన మరియొక దినమైనను నిర్ణయించి, గ్రామసభలో తీర్మానించి, పుస్తకములో వ్రాయింపుడు. సర్పంచి మారినను తేదీ మారరాదు.

రెండవది చోటు. పాఠశాల ఆవరణయో, గ్రంథాలయపు ముంగిలియో మంచిది. వృద్ధులకు నాలుగు బల్లలు, మిగిలిన వారందరికి ఒకే వరుస చాపలు, త్రాగుటకు నీరు, ఆడవారు ఇండ్లకు చేరు దారిలో వెలుతురు ఉండవలెను. ఒక చిన్న మైకు చాలును. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము సాధారణముగా రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకరు వాడరాదు. కనుక సాయంకాలము 6 గంటలకు మొదలిడి 9 గంటలకు ముగింపుడు. మరునాడు పనికి పోవువానికిని, బడికి పోవు బిడ్డకును అదియే మేలు.

మూడవది వరుస. మొదటి అరగంట ఊరి బిడ్డలది. వారు ఒక కీర్తన పాడినను చాలును. తరువాత ఊరి సన్నాయి మేళమో, హరికథయో, భజన బృందమో ఉండవలెను. చివర బయటినుండి పిలిచిన విద్వాంసుని పాట. పిలువబడిన విద్వాంసుడు ప్రతి పాటకు ముందు దాని రాగమును, అర్థమును రెండు వాక్యములలో చెప్పవలెనని ముందుగా కోరుడు. అర్థము తెలిసిన పాటకు శ్రోత తానే దొరకును.

నాల్గవది సొమ్ము. పంచాయతీ నిధులు ఎంతవరకు వాడవచ్చునో కార్యదర్శితో నియమములు చూచుకొని నడువుడు. చందాలు తీసికొన్నచో రసీదు నిండు. మరుసటి గ్రామసభలో జమాఖర్చు చదివి వినిపింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా కళాకారునకు ఒప్పుకొన్న సొమ్మును ఆ రాత్రియే, గౌరవముగా, చేతిలో పెట్టుడు. శాలువ కప్పి సొమ్ము ఎగవేయుట సన్మానము కాదు.

అయిదవది చదువు. ఇదియే నారుమడి. ఒక్కరాత్రి పాటతో విద్య నిలువదు. విజయనగరము, విజయవాడ, తిరుపతి, హైదరాబాదు పట్టణములలో సంగీత కళాశాలలు గలవు. వానిలో చదివిన యువకులు, యువతులు పని వెదకికొనుచున్నారు. చుట్టుప్రక్కల నాలుగు ఊళ్ళు కలిసి ఒక ఉపాధ్యాయుని కుదుర్చుకొన్నచో, వారమున ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క సాయంకాలము వచ్చి బడిలో స్వరములు నేర్పవచ్చును. ఊరిలో సన్నాయి, డోలు తెలిసిన పెద్దలున్నచో వారిచేతనే నేర్పింపుడు. వారి సొంత కుమారులు విడిచిన విద్యను మరియొకరి బిడ్డ అందుకొనవచ్చును. నేర్చుకొను బిడ్డ ఏ వాడనుండి వచ్చినను తలుపు తెరచియుండవలెను.

ఇది వలన ప్రతి ఊరిలో ఒక బాలమురళి పుట్టునని నేను మాట ఇవ్వజాలను. విత్తిన ప్రతి గింజయు మొలువదు, మొలచిన ప్రతి మొక్కయు కంకి వేయదు. అయినను నారు పోయుట మానిన రైతును మీ రెరుగుదురా? నూరుమంది బిడ్డలు స్వరములు నేర్చినచో ఒకరిద్దరు గాయకులగుదురేమో. మిగిలినవారు వినువారగుదురు. వినువారు లేని ఊరిలో గాయకుడు నిలువడు. చెన్నైలో ఆ ఉత్సవమును ఇన్నేండ్లు నిలిపినది వేదికపై నున్న పదిమంది మాత్రమే కాదు, క్రింద కూర్చుండి తాళము వేసిన వేలమందియు.

మీ ఊళ్ళకు తిరిగి వెళ్ళినపుడు ఒక పని చేయుడు. మీ గ్రామమున సన్నాయి, డోలు, వయొలిను, హార్మోనియము వాయించువారు, హరికథ చెప్పువారు, కీర్తనలు పాడు ముసలమ్మలు ఎందరున్నారో, వారివద్ద నేర్చుకొనువారు ఎందరున్నారో ఒక కాగితముపై వ్రాయుడు. మొదటి వరుసలో పేర్లుండి, రెండవ వరుస ఖాళీగా నున్నచో, మీ తరువాతి సమావేశపు చర్చనీయాంశములలో మంచినీటి తరువాత ఒక అంశమును చేర్చుటకు అదియే తగిన కారణము.